యూనివర్సిటీకి విరాళం ఇవ్వాలనుకుంటే: స్కాలర్‌షిప్, ప్రొఫెసర్ పీఠం, భవనం... దేనికి ఎలా ఇవ్వాలి?

చదువు చెప్పిన యూనివర్సిటీకి తిరిగి ఏదైనా చేయాలన్న ఆలోచన చాలామందికి పిల్లలు సెటిలయ్యాక వస్తుంది. అమ్మానాన్నల పేరు మీద స్కాలర్‌షిప్ పెట్టాలని కొందరికి, డిపార్ట్‌మెంట్‌లో ల్యాబ్ కట్టించాలని కొందరికి ఉంటుంది. సిల్వర్ జూబిలీకి బ్యాచ్ అంతా కలిసి ఏదైనా ఇద్దామని వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలవుతుంది. డబ్బు పోగవడం అంత కష్టం కాదు. ఆ డబ్బు పదిహేనేళ్ల తర్వాత కూడా సరైన విద్యార్థి చేతికి అందేలా చూడటమే కష్టం. అందుకే ఇక్కడ రాస్తున్నదంతా చెక్కు ఇవ్వడానికి ముందు చేయాల్సిన పని గురించే.

ముందు తేల్చుకోవాల్సింది: ఎంతకాలం?

ఎంత ఇవ్వాలన్నది రెండో ప్రశ్న. మీ డబ్బు ఎంతకాలం పనిచేయాలన్నది మొదటిది. మన దగ్గరి చరిత్రలోనే దీనికి మూడు దారులు కనిపిస్తాయి.

ఒకటి, ఒక్కసారి ఇచ్చి ఒక వసతి ఏర్పాటు చేయడం. కలకత్తాలో మహేంద్రలాల్ సర్కార్ 1876లో ప్రజల విరాళాలతో ఒక పరిశోధన సంస్థను స్థాపించారు. దానికి ప్రయోగశాల కట్టించింది మన విజయనగరం మహారాజు. సి.వి. రామన్ పేరు ప్రపంచానికి తెలిసింది ఆ సంస్థలో చేసిన పనితోనే. రెండోది ఏటా ఇవ్వడం. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏడాదికి లక్ష రూపాయల చొప్పున ఇచ్చారు. అక్కడి సైన్స్ అండ్ టెక్నాలజీ కాలేజీ ఆయన పేరుతోనే నిలిచింది. మూడోది శాశ్వత నిధి, అంటే అసలు కదపకుండా వడ్డీ మాత్రమే ఖర్చు పెట్టడం. దీన్నే కార్పస్ అనీ, ఎండోమెంట్ అనీ అంటున్నాం.

మనవాళ్లలో ఎక్కువమంది ఆలోచించకుండా మూడోదాని వైపు వెళ్తారు. పేరు ఎప్పటికీ ఉండాలన్న కోరిక సహజం, దాన్ని తప్పుపట్టను. కానీ లెక్క ఒకసారి చూడండి.

పది లక్షలు ఇచ్చారనుకుందాం. యూనివర్సిటీ దాన్ని బ్యాంకులో ఎఫ్‌డీ వేసింది, 7 శాతం వడ్డీ వస్తోంది, ఏటా 70 వేలు. ధరలు ఏటా 5 శాతం పెరుగుతున్నాయనుకుంటే, 20 ఏళ్ల తర్వాత ఆ 70 వేలు ఇవాల్టి 26 వేలతో సమానం. స్కాలర్‌షిప్ విలువ ఎన్నటికీ తరగకూడదంటే, 7లో 5 శాతాన్ని తిరిగి అసలులో కలిపి, మిగిలిన 2 శాతమే ఖర్చు పెట్టాలి. అంటే పది లక్షల మీద మొదటి ఏడాది ఇవ్వగలిగేది 20 వేలే.

అదే పది లక్షలను 20 ఏళ్లలో అసలుతో సహా పూర్తిగా ఖర్చు పెట్టమని రాసిస్తే? మొదటి ఏడాది 63 వేల దాకా ఇవ్వొచ్చు. దాన్ని ఏటా 5 శాతం పెంచుకుంటూ పోవచ్చు, ఇరవయ్యో ఏడాదికి అది లక్షా అరవై వేలవుతుంది. పదేళ్లకే అయితే మొదటి ఏడాదే లక్షా పదహారు వేలు. శాశ్వతం అనే ఒక్క మాట కోసం, ఇవాళ చదువుతున్న పిల్లలకు అందే సాయాన్ని మూడో వంతుకు తగ్గించుకుంటున్నామన్నమాట.

ఎన్నో యూనివర్సిటీల్లో పాత బంగారు పతకాల నిధులకు పట్టిన గతి ఇదే. ఒకప్పుడు పది వేల రూపాయలంటే పెద్ద మొత్తం. ఇవాళ దానిమీద ఏడాదికి ఆరేడు వందల వడ్డీ వస్తే, స్నాతకోత్సవంలో ఇచ్చే పతకానికి బంగారు పూత కూడా గగనమే.

అమెరికాలో ఇది వేరుగా నడుస్తుంది. అక్కడి యూనివర్సిటీలు విరాళాలన్నీ కలిపి షేర్లలోనూ ఇతర పెట్టుబడుల్లోనూ పెడతాయి కాబట్టి, ఏటా 4 నుంచి 5 శాతం దాకా ఖర్చు పెట్టి కూడా అసలు విలువ తగ్గకుండా చూసుకోగలుగుతాయి. మన దగ్గర ధార్మిక సంస్థలు, ట్రస్టులు ఆదాయపు పన్ను చట్టం చెప్పిన మార్గాల్లోనే డబ్బు పెట్టాలి. ఆచరణలో అది ఎక్కువగా బ్యాంకు డిపాజిట్టే. అందుకే అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టబోతే లెక్క కుదరదు.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. పాతిక లక్షల లోపు ఇచ్చేవాళ్లు పది, పదిహేను, ఇరవై ఏళ్ల గడువు పెట్టుకుని ఇవ్వడం మేలు. కోట్లలో ఇవ్వగలిగినవాళ్లు, ఏటా మళ్లీ కొంత కలపగల బ్యాచ్‌లు శాశ్వత నిధి గురించి ఆలోచించొచ్చు.

స్కాలర్‌షిప్: ఖాళీ ఎక్కడుందో కనుక్కోండి

డబ్బు ఇవ్వబోయే డిపార్ట్‌మెంట్‌కి ఒకరోజు వెళ్లండి. వీసీని కలవడం తర్వాత సంగతి, ముందు హాస్టల్ వార్డెన్‌ని, ఫీజుల సెక్షన్‌లో క్లర్క్‌ని, ఇద్దరు ముగ్గురు విద్యార్థులను కలవండి. పిల్లలు ఏ నెలలో, దేని దగ్గర ఇబ్బంది పడుతున్నారో వాళ్లకే తెలుస్తుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ట్యూషన్ ఫీజుకు రీయింబర్స్‌మెంట్ ఉంది. కాబట్టి అదే ఫీజుకు మీరూ డబ్బిస్తే విద్యార్థికి అదనంగా ఒరిగేది తక్కువ. ప్రభుత్వ సొమ్ము ఆలస్యమైనప్పుడు ఫీజు కట్టలేదని హాల్ టికెట్టో సర్టిఫికెట్టో ఆపుతారేమోనన్న టెన్షన్ మాత్రం నిజం. దానికి చేబదులులా పనిచేసే చిన్న నిధి ఎంతో ఉపయోగం: ముందు యూనివర్సిటీకి కట్టేసి, రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి అదే నిధిలో జమ చేసుకోవడం. అదే డబ్బు ఏటా కొత్తవాళ్లకు తిరుగుతుంది.

ఇంకా ఖాళీలున్నాయి. మెస్ బిల్లు బాకీ, పరీక్ష ఫీజు, ల్యాప్‌టాప్, ప్రాజెక్టు సామగ్రి, ఇంటర్వ్యూలకు రైలు చార్జీ, ఇంట్లో ఎవరైనా జబ్బుపడితే ఆ సెమిస్టర్ చదువు మానేయకుండా ఆపేంత సాయం. వీటికి మెరిట్ జాబితాతో పనిలేదు. ఏటా టాపర్‌కి పదివేలు ఇవ్వడం కంటే, చదువు మధ్యలో ఆపేయబోతున్న పిల్లను ఒక్కరినైనా నిలబెట్టడం గొప్ప పని అని నా గట్టి నమ్మకం.

ఇక అర్హత నిబంధనలు. చాలా స్కాలర్‌షిప్‌లు ఇక్కడే ఆగిపోతాయి. ఫలానా మండలం, ఫలానా బ్రాంచి, 80 శాతం మార్కులు, తండ్రి రైతు అయి ఉండాలి అని ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతే, కొన్నేళ్లు అర్హులే దొరకరు. డబ్బు ఖాతాలో మూలుగుతుంది. పైగా మనం శాశ్వతం అనుకున్న పేర్లే మారిపోతాయి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ‘వరంగల్ జిల్లా విద్యార్థికి’ అని పాతకాలంలో రాసిన నిధి ఇవాళ ములుగు పిల్లకు వర్తిస్తుందా అని ఆఫీసులో ఫైలు తిరుగుతూ ఉంటుంది.

నిబంధనను ప్రాధాన్యంగా రాయండి, అడ్డుగోడలా రాయకండి. నమూనాకి ఇలా ఉండొచ్చు:

“ఈ స్కాలర్‌షిప్ ప్రతి ఏటా మెకానికల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థి ఒకరికి ఇవ్వాలి. కుటుంబ ఆదాయం తక్కువగా ఉన్నవారికి మొదటి ప్రాధాన్యం. వారిలో ఉమ్మడి వరంగల్ జిల్లావారు ఉంటే వారికి ముందు ఇవ్వాలి. అలాంటివారు లేని ఏడాది, ఆ విభాగంలో అవసరం ఎక్కువగా ఉన్న ఏ విద్యార్థికైనా ఇవ్వాలి. ఏ ఏడాదీ సొమ్ము ఇవ్వకుండా మిగల్చరాదు. విభాగం పేరు మారినా, వేరే విభాగంలో కలిసినా, దానికి దగ్గరగా ఉన్న కోర్సుకు ఈ నిధి వర్తిస్తుంది.”

ఆరు వాక్యాలే, కానీ చివరి మూడు లేకపోతే ఏదో ఒకరోజు నిధి ఆగిపోతుంది.

కులం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఈ ప్రశ్న తప్పక వస్తుంది. ఒక మతానికో కులానికో మాత్రమే మేలు చేసే సంస్థకు ఇచ్చిన విరాళానికి ఆదాయపు పన్ను చట్టంలోని 80జీ సెక్షన్ కింద పన్ను రాయితీ రాదు. ఎస్సీ, ఎస్టీ, వెనకబడిన తరగతులు, మహిళలు, పిల్లల కోసం పెట్టినవాటికి ఈ అడ్డంకి లేదు. మా కులం పిల్లలకే అని రాసుకుని వెళ్తే ప్రభుత్వ యూనివర్సిటీ ఒప్పుకోవడం కూడా కష్టం. అలాగే మీ బంధువుల పిల్లాడికే ఇవ్వమనీ, ఎంపిక మీరే చేస్తాననీ అనకండి. ఎంపిక కమిటీలో సలహా సభ్యుడిగా కూర్చోవచ్చు, నిర్ణయం యూనివర్సిటీకి వదిలేయాలి.

ప్రొఫెసర్ పీఠం: పాలిత్ కథ చదివాక దిగండి

దాత డబ్బుతో ప్రొఫెసర్ పదవి ఏర్పాటు చేయడం చాలా పాత సంప్రదాయం. కేంబ్రిడ్జిలో న్యూటన్ కూర్చున్న లుకేసియన్ పీఠం హెన్రీ లూకస్ వీలునామా వల్ల 1663లో పుట్టింది. మన దేశంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ కలకత్తా లాయరు తారకనాథ్ పాలిత్. ఆయన 1912లో డబ్బూ, స్థలాలూ కలిపి దాదాపు 15 లక్షల రూపాయల విలువైన ఆస్తిని కలకత్తా విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు. మరుసటి ఏడాది మరో లాయరు రాస్‌బిహారీ ఘోష్ 10 లక్షలు ఇచ్చారు. వీళ్లిద్దరి సొమ్ముతోనే అక్కడ సైన్స్ కాలేజీ లేచింది.

పాలిత్ పెట్టిన షరతుల్లో ఒకటి, ఆ పీఠాల్లో భారతీయులే ఉండాలని. పెద్ద పదవులన్నీ తెల్లవాళ్లకే దక్కుతున్న రోజుల్లో అది ఎంతో ముందుచూపున్న షరతు. ఇంకో షరతు ప్రకారం, నియమితులైనవాళ్లు విదేశాల్లో శిక్షణ పొంది ఉండాలి. ఫిజిక్స్ పీఠానికి వైస్ చాన్సలర్ అశుతోష్ ముఖర్జీ ఎంచుకున్నది ఎవరిని? ఆర్థిక శాఖలో ఉద్యోగం చేసుకుంటూ, ఖాళీ వేళల్లో ప్రయోగాలు చేస్తున్న సి.వి. రామన్‌ని. ఆయన విదేశాల్లో చదవలేదు, వెళ్లనని కూడా చెప్పేశారు. షరతును పట్టుకుని వేలాడి ఉంటే కథ అక్కడితో ముగిసేది. యూనివర్సిటీ దాన్ని సడలించింది. రామన్ ఎక్కువ జీతమిచ్చే సర్కారు కొలువు వదిలి 1917లో పాలిత్ ప్రొఫెసర్ అయ్యారు. 1928లో రామన్ ఎఫెక్ట్, 1930లో నోబెల్. ఆయన చిన్నప్పుడు చదువుకున్న విశాఖపట్నం మిసెస్ ఏవీఎన్ కాలేజీ కూడా అంకితం అనే ఇంటిపేరున్న కుటుంబం విరాళంతో ఆ పేరు తెచ్చుకున్నదే.

అందుకని పీఠం పత్రంలో రెండు భాగాలు వేరువేరుగా రాయాలి. మారకూడనిది, అంటే అసలు ఉద్దేశం. మార్చుకోదగ్గవి, అంటే డిగ్రీలు, వయసు, శిక్షణ, పీరియడ్ల సంఖ్య. రెండో భాగాన్ని పాలక మండలి తీర్మానంతో మార్చుకోవచ్చని స్పష్టంగా రాసేయండి.

ఇక ఖర్చు. యూజీసీ ఏడో వేతన స్కేలు ప్రకారం ప్రొఫెసర్ మొదటి మూలవేతనం నెలకు 1,44,200 రూపాయలు. దానికి 50 శాతం డీఏ అనుకుని, పెద్ద నగరంలో 30 శాతం ఇంటి అద్దె అలవెన్సు కలిపితే నెలకు 2 లక్షల 60 వేలకు దగ్గర, ఏడాదికి 31 లక్షలు. నిధి మీద ఏటా 5 శాతం ఖర్చు పెట్టుకున్నా ఆరు కోట్ల పైచిలుకు అసలు ఉండాలి. విలువ తగ్గకుండా నడవాలంటే అంతకు రెట్టింపు కూడా చాలదు.

కాబట్టి మధ్యేమార్గాలు చూడండి. యూనివర్సిటీ జీతం ఇస్తున్న ప్రొఫెసర్‌కే దాత పేరుతో పీఠం గౌరవం ఇచ్చి, దాత డబ్బును అదనపు భృతికి, పరిశోధన ఖర్చులకు, ఒకరిద్దరు స్కాలర్లకు వాడటం ఒక పద్ధతి. ఐఐటీల్లో చైర్ ప్రొఫెసర్లు చాలావరకు ఇలాంటివాళ్లే. లేదా ఐదేళ్ల పీఠం పెట్టండి. కోటిన్నర, కోటీ డెబ్భై లక్షల్లో ఒక మంచి పండితుణ్నో శాస్త్రవేత్తనో ఐదేళ్లు రప్పించొచ్చు. పేరున్న రిటైర్డ్ ప్రొఫెసర్‌ని సెమిస్టర్‌కొకరి చొప్పున పిలిపించడం ఇంకా తక్కువలో అవుతుంది.

మన భాషకు దీని అవసరం ఎక్కువని నాకు అనిపిస్తుంది. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయంలో కొప్పాక కుటుంబ ఫౌండేషన్ విరాళంతో తెలుగు సంస్కృతి, సాహిత్యం, చరిత్రల కోసం ప్రొఫెసర్ పదవి ఏర్పడింది. బయటి దేశాల్లో తెలుగు బోధన ఎన్‌రోల్‌మెంట్ లెక్కల మీద ఆధారపడితే ఏ బడ్జెట్ కోతకైనా పోతుంది. పీఠం ఉంటే పోదు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు తమ సంఘాలైన తానా, ఆటా సభలకు పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లిస్తే ఇలాంటివి ఇంకొన్ని నిలబడతాయి.

భవనం: కట్టడం కంటే నిలబెట్టడానికి డబ్బు దాచండి

భవనానికి ఇచ్చేటప్పుడు ఇంజినీరింగ్ సెల్ అంచనా, పాలక మండలి తీర్మానం, స్థలం ఖరారు, ఇవి మూడూ చేతిలోకి వచ్చాకే మొదటి విడత ఇవ్వండి. పునాదికి ఇంత, శ్లాబుకి ఇంత, ముగింపు పనులకు ఇంత అని విడతలుగా కట్టాలి. కట్టాక భవనం యూనివర్సిటీదే, మీకు దానిమీద హక్కు ఉండదు.

నిర్వహణకు ఎంత అన్నది ఎవరూ అడగరు. లిఫ్టు ఆగిపోయిన, నీళ్ల ట్యాంకు కారుతున్న, బాత్రూం తలుపులు ఊడిన దాతల బ్లాకులు మనం చూస్తూనే ఉన్నాం. బాపట్లలో పుట్టిన కృష్ణ చివుకుల 2024లో తాను చదివిన ఐఐటీ మద్రాసుకి 228 కోట్లు ఇచ్చారు. స్కాలర్‌షిప్‌లు, పరిశోధన, క్రీడాకారులైన విద్యార్థులతో పాటు, ఆయన పేరున్న బ్లాకు నిర్వహణ కూడా ఆ విరాళం జాబితాలో ఉంది. ఆ చివరి అంశం చిన్నగా కనిపించినా, తెలిసి చేసిన పని అది. మీరు కోటి రూపాయల గది కట్టిస్తుంటే, 80 లక్షలతో కట్టి 20 లక్షలు నిర్వహణ నిధిగా వేరే ఖాతాలో పెట్టించండి.

కొత్త భవనమే కావాలనీ లేదు. ఆడపిల్లల హాస్టల్లో ఉన్న టాయిలెట్లు బాగు చేయించడం, లైబ్రరీ రాత్రి పూట తెరిచి ఉంచడానికి కరెంటు, సెక్యూరిటీ ఖర్చులు భరించడం, పాత ల్యాబ్‌లో పరికరాలకు ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు కట్టడం... శిలాఫలకం లేకపోయినా విద్యార్థికి రోజూ ఉపయోగపడే పనులివి.

డబ్బు ఏ దారిన వెళ్లాలి

ఇండియాలో ఉండి ఇచ్చేవాళ్లు: చెక్కు, ఆన్‌లైన్ బదిలీ మాత్రమే. రెండు వేలకు మించి నగదుగా ఇస్తే 80జీ రాయితీ రాదు. రాయితీ పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే, కొత్త విధానంలో ఉన్నవాళ్లకు లేదు. జాతీయ ప్రాముఖ్యం గలవిగా గుర్తింపు పొందిన సంస్థలకు 100 శాతం, మిగతా చాలావాటికి 50 శాతం, అదీ ఆదాయంలో పది శాతం పరిమితికి లోబడి. రసీదుతో సరిపెట్టుకోకుండా, మీ పాన్ నంబరుతో సంస్థ జారీ చేసే విరాళ సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకోండి, క్లెయిముకి అదే ఆధారం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది, సెక్షన్ నంబర్లు వేరు, కాబట్టి మీ ఆడిటర్‌ని ఒకసారి అడిగి ముందుకెళ్లండి.

విదేశాల్లో ఉన్నవాళ్లు: ముందు మీ పాస్‌పోర్టు ఏ దేశానిదో చూసుకోండి. ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఆ సంస్థకున్న ఖాతాకే రావాలి. ప్రభుత్వ చట్టంతో ఏర్పడి, కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) ఆడిట్ కిందకు వచ్చే సంస్థలకు మినహాయింపు ఉంది. మీ యూనివర్సిటీ ఏ కోవలోకి వస్తుందో ఫైనాన్స్ ఆఫీసర్‌ దగ్గర లిఖితపూర్వకంగా తీసుకోండి. అమెరికాలో పన్ను మినహాయింపు కావాలంటే ఇక్కడికి నేరుగా పంపితే రాదు. అక్కడే రిజిస్టరైన లాభాపేక్షలేని సంస్థ ద్వారా పంపాలి, ఐఐటీల పూర్వ విద్యార్థులు అలాంటి ఫౌండేషన్లు పెట్టుకున్నారు. మీ కంపెనీ మ్యాచింగ్ గ్రాంట్, అంటే ఉద్యోగి ఇచ్చినదానికి తనవంతుగా కలిపే సొమ్ము, ఇస్తుందేమో కూడా కనుక్కోండి.

కంపెనీ సీఎస్ఆర్ డబ్బు (సామాజిక బాధ్యత కింద కంపెనీలు పెట్టే ఖర్చు) తెచ్చేవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి. 2021 జనవరి 22 తర్వాత ఏ సంస్థ కార్పస్‌కి ఇచ్చినా అది సీఎస్ఆర్ ఖర్చుగా లెక్కకు రాదు. కాబట్టి శాశ్వత పీఠానికి సీఎస్ఆర్ అడిగితే కాదంటారు. అదే డబ్బును ఈ ఏడాది స్కాలర్‌షిప్‌లకు, ల్యాబ్ పరికరాలకు అడగండి.

పత్రంలో తప్పక ఉండాల్సినవి

నిధికి ప్రత్యేక ఖాతా లేదా లెడ్జర్ హెడ్. యూనివర్సిటీ దాన్ని జీతాలకో పెన్షన్లకో తాత్కాలికంగా కూడా మళ్లించకూడదన్న నిబంధన. ఏటా ఎంత శాతం ఖర్చు, ఎంత అసలులో కలపాలి, లేదా ఎన్నేళ్లలో ముగియాలి. ఉద్దేశం నెరవేరే వీలు లేకపోతే డబ్బు ఏ దగ్గరి పనికి వెళ్లాలి. పేరు ఎన్నాళ్లు, ఎక్కడ ఉంటుంది. మీ తర్వాత మీ తరఫున మాట్లాడేది ఎవరు. భూమి ఇస్తుంటే వీటితో పాటు రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ తప్పనిసరి. ఒకసారి రాసిచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు కాబట్టి పిల్లలతో ముందే మాట్లాడుకోండి.

ఈ పత్రం రిజిస్ట్రార్ సంతకంతో ఆగకూడదు. పాలక మండలి తీర్మానం నంబరు, తేదీ అందులో ఉండాలి. వీసీలు మూడేళ్లకు మారతారు, తీర్మానం ఉంటుంది.

ఇచ్చాక ఏటా చేయాల్సింది

జూన్‌లో ఒక ఈమెయిల్ పెట్టండి, నాలుగు ప్రశ్నలతో: మార్చి 31 నాటికి నిధిలో ఎంత ఉంది, వడ్డీ ఎంత వచ్చింది, ఎంతమందికి ఎంత ఇచ్చారు, మిగిలితే ఎందుకు మిగిలింది. విద్యార్థి ఫొటోలు, కృతజ్ఞతా లేఖలు అడగకండి. వాళ్లను స్టేజీ ఎక్కించి చెక్కు ఇప్పించే కార్యక్రమాలు పెట్టొద్దని ముందే చెప్పండి, డబ్బు నేరుగా ఖాతాలో పడాలి. రెండేళ్లు వరసగా జవాబు రాకపోతే ఫైనాన్స్ ఆఫీసర్‌ని స్వయంగా కలవండి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయల పని. అన్నీ సవ్యంగా నడుస్తుంటే మూడో ఏడాది మీ బ్యాచ్‌లో ఇంకొకరిని అదే నిధిలో చేరమని అడగండి. అదే పత్రం, అదే ఖాతా సరిపోతుంది, మళ్లీ కొత్త పేరుతో ఇంకో చిన్న నిధి తెరవాల్సిన పని లేదు.